తలుపు చప్పుడులో మామగారి గొంతు

మా అత్తవారింట మామగారి చిత్రపటములు ఏడు కలవు. ఉద్యోగవిరమణ నాడు మెడలో పూలదండతో తీయించినది ఒకటి. మా ఆడుబిడ్డ వివాహమున తీసినవి మూడు. తిరుపతి యాత్రలోనివి మూడు. గొంతు మాత్రము ఒక్కచోటను లేకుండెను. ఆయన 2009లో స్వర్గస్థులైరి. మేము ఆ యింట కోడలుగా అడుగుపెట్టినది 2011లో. కావున మామగారిని మేము చూచియు ఎఱుగము, వినియు ఎఱుగము. తెలుగు పండితులుగా ముప్పది యేండ్లు బడిలో పాఠము చెప్పిన గొంతు అది. శకార షకార సకారములను కలగాపులగము చేసిన పిల్లవానిని బల్లపై నిలువబెట్టెడివారట. ఇదంతయు మావారు చెప్పగా వినినదే. వారును బడిపంతులే గనుక, చెప్పుచు చెప్పుచు తండ్రిగారి గొంతును అనుకరింపబోయి, నడుమ ఆగి, "కాదు, ఇట్లు కాదు" అని మానివేయుదురు.

గడచిన మాఘమాసమున మా మఱది డాలసు నగరమునుండి ఫోను చేసి, మాటల నడుమ, "వదినా, నాన్నగారి గొంతు ఒకచోట ఉన్నది. పదునైదేండ్ల వయస్సున నేను దానిని ఒక ఆటలో దూర్చినాను" అనెను. ఇన్నేండ్లు ఏల చెప్పలేదని అడిగితిమి. "అల్లరికి చేసినపని, అమ్మకు చెప్పుటకు మొగము చెల్లలేదు" అని బదులు చెప్పెను.

ఆ ఆట పేరు డూమ్. ఇడ్ సాఫ్ట్‌వేర్ అను అమెరికా సంస్థ దానిని 1993 డిసెంబరు 10వ తేదీన వెలువరించినది. ఆ దినములలో ఆ సంస్థ యుండినది టెక్సాసు రాష్ట్రమున డాలసునకు పొరుగైన మెస్కీట్ అను ఊరిలో. మా మఱది చిన్నతనమున ఏ ఆటకై తిట్లు తినెనో, ఆ ఆట పుట్టిన ఊరి దాపుననే ఇప్పుడు కాపురముండుట చిత్రము. అంగారకుని చందమామలపై రక్కసులను తుపాకితో కొట్టుచు పోవు ఆట అది. మాకు రుచింపదు, పిల్లల చేతికి ఇమ్మనియు చెప్పము. అయినను దానిని కట్టినవారు ఒక మంచి పని చేసిరి. ఆటను నడుపు యంత్రాంగమును ఒకచోట ఉంచి, బొమ్మలు, గోడల రంగులు, శబ్దములు మున్నగు సామగ్రిని వేఱొక పెట్టెలో పెట్టిరి. ఆ పెట్టెకు వాడ్ అని పేరు. ఆటగాండ్రలో ఎవరైనను తామొక చిన్నపెట్టెను కట్టి దాని ప్రక్క నిలిపినచో, ఒకే పేరు గల వస్తువు రెండు పెట్టెలలోను ఉన్నయెడల ఆట చిన్నపెట్టెలోని దానినే గైకొనును. తెలియక జరిగినది కాదు, ఇతరులు మార్చుకొనుటకు వీలుగా కోరియే అట్లు కట్టిరి.

2001లో మా మఱది చేసిన అల్లరి ఇదియే. సాయంకాలము వాకిటి తలుపు చప్పుడైనచో మామగారు పడకకుర్చీనుండి కదలకయే "ఎవరదీ? తలుపు వేసి రండి, దోమలు వస్తాయి!" అని కేకవేయుచుండెడివారట. కంప్యూటరునకు తగిలించిన మైకుతో మఱది ఆ కేకను రహస్యముగా పట్టి, ఆటలో తలుపు తెఱచుకొన్నప్పుడు వచ్చు చప్పుడునకు బదులుగా పెట్టెను. అది మొదలు రక్కసుల కోటలో ఏ తలుపు తెఱచినను దోమల ప్రసక్తియే. మామగారికి ఈ సంగతి తెలియనే తెలియదు.

ఆ కంప్యూటరు మా అటకపై పాత ఇత్తడి బిందెల వెనుక ఉండెను. బజారులో ఒక మరమ్మతు దుకాణమువారు దానిని చూచి, అందులో ఏమియు మిగిలియుండదనియు, పాతసామాను క్రింద తీసికొందుమనియు చెప్పిరి. మేము ఇయ్యలేదు. మా కుమారుడు, పండ్రెండేండ్లవాడు, హార్డుడిస్కును మాత్రము ఊడదీసి, కొన్ని వందల రూపాయల అడాప్టరుతో మావారి ల్యాప్‌టాపునకు తగిలించెను. అది కఱకఱలాడి, ఆగి, మరల తిరిగెను. లోపల "నాన్న.వాడ్" అను ఫైలు దొరకినది. వాడు సంతోషము పట్టలేక ఆ పేరు బిగ్గరగా చదువగా, వంటయింటినుండి మా అత్తగారు వచ్చి, "తండ్రిని పట్టుకొని వాడు అనుట ఏమిరా?" అని గద్దించిరి. మఱది చేసిన తప్పునకు మనుమడు తిట్లు తినెను.

ఆ సాయంకాలము జరిగినదానికి మాత్రము మేమే బాధ్యులము. పిల్లవాని తొందరకు అడ్డుచెప్పక పోతిమి. ఆడాసిటీ అను ఉచితసాధనము కలదు. దానితో శబ్దములను వినవచ్చును, కత్తిరింపవచ్చును, అతుకవచ్చును. ఏ ఫైలునైనను ముడిశబ్దముగా ఎంచి తెఱువుమనియు దానికి చెప్పవచ్చును. వాడు పెట్టెనంతటిని అట్లే దానిలో క్రుమ్మరించెను. రెండేసి బైట్లను ఒక్కొక్క కొలతగా లెక్కించుటచే మొదట రేకులపై వడగండ్లు పడిన రొద వచ్చెను. పిదప ఒక్కొక్క బైటు ఒక్కొక్క కొలతగా మార్చి, తెరపై గీతలు తీరుగా కనబడగానే, "నాయనమ్మా, తాతగారు మాట్లాడుచున్నారు రా!" అని కేకవేసెను. ఆమె చేతులు తుడుచుకొని వచ్చి, కుర్చీలో కొసకు కూర్చుండిరి. యంత్రమునుండి ఉడుత కిచకిచలాడినట్లు, సెకనులో ముప్పాతిక పాలు ఒక కీచుగొంతు వచ్చి పోయెను. వానితోపాటు ఆటకు వచ్చిన పొరుగింటి పిల్లలు పకపక నవ్విరి. అత్తగారు నవ్వలేదు. "ఇందుకా నన్ను పిలిచినారు?" అని లేచి లోనికి పోయిరి. ఆ రాత్రి ఆమె భోజనము చేయక మజ్జిగ మాత్రము పుచ్చుకొనిరి.

మాకును నిద్ర పట్టలేదు. అందఱు పడుకొన్న పిదప, నిద్రపోని కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఈ పెట్టెలోని మర్మము తెలిసికొన మొదలిడితిమి. కంప్యూటరులో శబ్దము నిలుచు విధము చాల సామాన్యమైనది. గాలియొక్క కదలికను సెకనునకు ఇన్నిమార్లు అని కొలిచి, ఆ కొలతలను వరుసగా వ్రాసికొందురు. తిరిగి వినునపుడు ఆ వేగముననే చదువవలెను. వేగముగా చదివినచో గొంతు కీచుమనును; మెల్లగా చదివినచో బొంగురుపోవును. తాళము పేరు వ్రాయని కీర్తనను పాడబోయినట్లే. ఆడాసిటీ మమ్మడుగక తనంతట తాను అనుకొన్న లెక్క సెకనునకు 44,100. పాటల సీడీలకు అదియే లెక్క. మామగారి గొంతునకు లెక్క ఏది?

డూమ్ కట్టినవారు దానిని వ్రాసియే పెట్టిరి. పెట్టె ముఖమున 12 బైట్ల తలకట్టు ఉండును. అందు మొదటి నాలుగు అక్షరములు అది మూలపు పెట్టెయో, చేర్పు పెట్టెయో చెప్పును. తరువాతి నాలుగు బైట్లు లోపలి వస్తువుల సంఖ్యను, చివరి నాలుగు విషయసూచిక ఉన్నచోటును తెలుపును. సూచిక సామాన్యముగా కొసన ఉండును, మన ప్రబంధములలో ఆశ్వాసాంత గద్యమువలె. అందులో ఒక్కొక్క వస్తువునకు 16 బైట్లు: ఎక్కడ మొదలు, ఎంత పొడవు, పేరేమి. పేరునకు ఎనిమిది ఇంగ్లీషు అక్షరములకు మించి తావు లేదు. తలుపు తెఱచు చప్పుడు పేరు "డి ఎస్ డి ఓ ఆర్ ఓ పి ఎన్". మొదటి రెండక్షరములు శబ్దమని గుర్తు. తక్కిన ఆఱింటిలో డోర్ ఓపెన్ అను మాటలను ఇమిడ్చుటకై ఒక ఓ, ఒక ఈ మ్రింగివేసిరి. గణము కుదురుటకై అక్షరమును మ్రింగిన కవులను చూచినవారము గనుక ఆ అర్ధరాత్రి మాకు నవ్వు వచ్చెను.

సూచిక చూపినచోటికి పోగా, శబ్దమునకు మొదట మరల చిన్న తలకట్టు: 3, 0 అని శబ్దజాతి, తరువాత 17, 43 అని రెండు సంఖ్యలు. ఈ రెండే సెకనునకు ఎన్ని కొలతలో చెప్పునవి. పిల్లవాడు "1743 కాబోలు" అని పెట్టి చూచెను. గుహలో ఎలుగుబంటి గుఱక వినవచ్చెను. వాడు చదివిన వివరణలో "చిన్నకొన ముందు" అని యుండెను గాని వానికి బోధపడలేదు. మాకు వెంటనే బోధపడెను. మేము బడికి పోయినవారము కాము. మా తండ్రిగారు ఇంటనే కావ్యములతోపాటు శాసనశ్లోకములును చదివించి, అందలి శకవర్షములను లెక్కించుట నేర్పిరి. నేత్ర, బాణ, చంద్ర అనినచో రెండు, ఐదు, ఒకటి. కాని సంవత్సరము 251 కాదు, 152. చిన్నస్థానము ముందు, పెద్దస్థానము వెనుక. ఈ యంత్రమువారిదియు అదే నడక. భేదమేమనగా, వారి స్థానము పదింతలు కాదు, 256 ఇంతలు. 43ను 256చే గుణింప 11,008. దానికి 17 కలుప 11,025. అది 44,100లో సరిగా నాలుగవవంతు! మూడు సెకనుల మాట ముప్పాతిక సెకనున ముగియుటకు, గొంతు ఉడుతకిచకిచయగుటకు కారణమదియే. "అమ్మా, ఇది నీకెట్లు తెలిసినది?" అని వాడు అడిగెను. తాతగారు నేర్పినారంటిమి. ఏ తాతగారని అడిగెను.

మఱునాడు తెల్లవాఱుజామున, ఇంక నెవ్వరిని పిలువక, ముందు మేమే వినదలచి చెవులకు తగిలించుకొంటిమి. అర సెకను కాలము ఏదో కిఱ్ఱుమను చప్పుడు, ఆ మీద, మావారి గొంతునకు అన్నవంటిదైన ఒక గొంతు, "ఎవరదీ?" అనెను. ఇన్నేండ్లు ఆ యింట తలుపులు తీసి మూసినవారము. ఆ ప్రశ్న మమ్మడిగినవారు లేరు. మేము లేచి నిలుచుండి "మేమండీ, మామగారూ" అంటిమి. వ్రాయుటకు సిగ్గుగనే యున్నది గాని, అంటిమి.

మావారు రెండవసారి వినినపిదప కండ్లు తుడుచుకొని, "అన్నియు నాన్నవే, సకారము మాత్రము నాన్నది కాదు" అనిరి. నిజమే. "వేసి" అనుచోటను, "వస్తాయి" అనుచోటను సకారము మొద్దుపోయి, పండ్లు ఊడినవారు పలికినట్లుండెను. దీనికిని కారణము ఆ లెక్కలోనే కలదు. సెకనునకు 11,025 మార్లు కొలిచినచో, అందులో సగము, అనగా సుమారు 5,500 వఱకు గల కంపనములే పట్టుబడును. సకారమునందలి సన్నని బుస హెచ్చుపాలు దానికి పైననే ఉండును. పాత టెలిఫోనులో 3,400కు మించినవి పోవుటచేతనే పేర్లలోని సకారమును మరల మరల అడుగవలసివచ్చెడిది. ఒక్కొక్క కొలతకు ఒకే బైటు గనుక 256 మెట్లే. అందుచే మాట వెనుక సన్నని సొద కూడ ఉండును. పిల్లవాడు దానిని 44,100కు మార్చి చూచెను. ఫైలు పెద్దదయ్యెను గాని సకారము రాలేదు. నాడు పట్టనిది నేడు రాదు. శషసలకై ఎందఱినో బల్లయెక్కించిన పండితుని సకారమే పోవుట మావారికి మిక్కిలి బాధయైనది.

అత్తగారు రమ్మనినను రాలేదు. మేమే ల్యాప్‌టాపును వంటయింటిలోనికి తీసికొనిపోయి పీటపై పెట్టితిమి. ఆమె పప్పు ఏరుచు విని, చేట క్రిందబెట్టి, "మఱల పెట్టు అమ్మాయీ" అనిరి. ఐదుమార్లు పెట్టితిమి. ఆఱవసారి తామే మీట నొక్కిరి.

సాయంకాలము మావారికి ఒక ఆలోచన తోచెను. సొద లేకుండ చేసి తల్లికి కానుకగా ఇయ్యవలెనని. ఆడాసిటీలో ఆ ఉపాయము కలదు: మాటలేనిచోటి చప్పుడును కొంత నమూనాగా చూపినచో, అట్టిదానిని అంతటను అణచివేయును. మాటకు ముందున్న అర సెకనును చూపిరి. సొద తగ్గెను, మాట తేటపడెను, కొంచెము నీటిలోనుండి వచ్చినట్లుండెను. అత్తగారు విని, "గిలక ఏదిరా?" అనిరి. ఎవ్వరికిని తెలియలేదు. "ప్రొద్దున వినినదానిలో ముందు గిలక ఉన్నది. అప్పుడు పెరటి బావి పూడ్చలేదు కదా. ఆయన అట్లు కేకవేయువేళకు నేను నీళ్లు తోడుచుందును. ఆ కిఱ్ఱుమనునది నేను. నన్ను తీసివేసినారేమి?" అనిరి.

మావారు ఆ శుభ్రపఱచిన ప్రతిని మాఱుమాటాడక తుడిచివేసిరి.

ఇట్టిపని చేయదలచిన సోదరీమణులకు ఉపయోగపడునని ఇక్కడ నాలుగు మాటలు. మేము పడిన శ్రమ అంతయు అవసరము లేదని తరువాత తెలిసినది. స్లేడ్ అను ఉచితసాధనము ఈ వాడ్ పెట్టెలను తానే తెఱచి, పేర్ల పట్టిక చూపి, కోరిన శబ్దమును సరియైన లెక్కతో వేవ్ ఫైలుగా తీసి ఇచ్చును. ముందు తెలిసియున్నచో ఆ ఉడుతగొంతు వినవలసివచ్చెడిది కాదు. తీసినదానిని నిలువచేయుటకు వేవ్ గాని, ఫ్లాక్ గాని మంచివి. ఫ్లాక్ అనునది చోటు తగ్గించును గాని ఒక్క కొలతనైనను పోగొట్టదు. ఎంపీ3 అట్లు కాదు; చెవికి అంతగా తెలియదని తాననుకొన్నదానిని వదలివేయును, దానినుండి మరల ఎంపీ3 చేసినచో మఱికొంత వదలును. వ్రాయసగాని ప్రతినిబట్టి వేఱొక వ్రాయసగాడు వ్రాసిన తాళపత్రము ఎట్లుండునో మీ రెఱుగుదురు. అత్తగారి మీటల ఫోనులో ఎంపీ3 మాత్రమే పలుకును గనుక ఆమెకు ఎంపీ3 ఇచ్చితిమి. మూలమును ముట్టక మూడుచోట్ల దాచితిమి, ఒకటి డాలసులో.

పని పట్టుపడినపిదప మా కుమారుడు మూలపు ఆటలోని సంగీతమును కూడ తీయబోయెను. బాబీ ప్రిన్స్ అనువారు కూర్చినది. తీసిచూడగా అందులో శబ్దమే లేదు! ఏ స్వరము, ఏ వాద్యము, ఎంతసేపు అను వ్రాతయే యున్నది. దానిని మిడి అను రూపమునకు మార్చినగాని సామాన్యసాధనములు చదువవు. మార్చినను వాయించు యంత్రమునుబట్టి వేఱువేఱుగా వినబడును. కాగితముపై సరిగమలు వ్రాసిపెట్టినట్లు. వాడు నిరాశపడెను గాని మాకది ముచ్చటగా తోచెను. అవి మనవి కావనియు, ఇంట విని సంతోషించుటకే గాని ఊరికి పంచరాదనియు కూడ వానికి చెప్పితిమి. ఆ సంస్థవారు 1997 డిసెంబరులో ఆటను నడుపు వ్రాతను మాత్రమే అందఱకు విడుదల చేసిరి. బొమ్మలను, శబ్దములను కాదు. స్వేచ్ఛగా పంచుకొనదగినవి కావలయునన్నచో ఫ్రీడూమ్ అను పేర కొందఱు క్రొత్తగా చేసి ఉంచినవి కలవు. మామగారి గొంతు మాత్రము మనదే.

ఫాల్గుణమున ఆబ్దికము వచ్చెను. మఱది డాలసులో రాత్రి మేల్కొని వీడియోలో చూచుచు, "అమ్మా, అందఱు ఉన్నారు కదా, నాన్నగారి గొంతు ఒకమాఱు పెట్టు" అనెను. అత్తగారు ఒప్పుకొనలేదు. "ఈ దినమున ఆయనను పిలువవలసినది మంత్రముతో, ఫోనుతో కాదు" అనిరి. మఱి మాటాడక ఊరకుండెను.

ఇప్పుడు ప్రతిదినము కాదు గాని, మనస్సు పుట్టినపుడు, దీపములు పెట్టు వేళకు ఆమె వసారాలో కూర్చుండి ఆ మీట నొక్కుదురు. ముందు గిలక కిఱ్ఱుమనును. "ఎవరదీ? తలుపు వేసి రండి, దోమలు వస్తాయి!" మా కుమారుడు లోపల లెక్కలు చేసికొనుచున్నను, ఎవరు చెప్పకయే లేచిపోయి వాకిటి తలుపు వేసి వచ్చును.